టేకు చెట్ల కింద తొలి ఏకాదశి

నా చిన్నప్పుడు శంషాబాద్ దగ్గర మా చేను గట్టున టేకు చెట్లుండేవి. ఏటా తొలి ఏకాదశికి మా తాత భజన మండలి వాటి కిందే కూర్చుని హరిని కీర్తించేది. మరునాడు ద్వాదశి పారణ ఆ ఆకుల్లోనే. ఆకు మా చెట్లదైతేనే మా ఇంటి మొక్కు తీరినట్టు.

ఆ ఏడు తొలకరితోపాటే పురుగు పడింది. చెట్టు కింద నిలబడితే అవి నమిలే చప్పుడు చినుకుల్లా వినిపించేది. చూస్తుండగానే ఆకులకు ఈనెలే మిగిలాయి. తర్వాత ఆ పురుగులు సన్నని దారాలకు వేలాడుతూ దిగి, రాలిన ఆకుల్లో ముడుచుకుని, గోధుమరంగు గింజల్లా బిగుసుకుపోయాయి.

"ఆ ఇంట్ల ఏదో పాపముంది. గా భజనకు మేం రాం" అంది పక్కింటి పెద్దమ్మ, మా అమ్మకు వినబడేలా. మండలిలో సగంమంది అదే మాటన్నారు. నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు తలెత్తుకోలేకపోయాడు. ఏకాదశి పొద్దున, వాన తెరిపిచ్చాక, ఆ ఎండుటాకులన్నీ కుప్పగా ఊడ్చి అగ్గిపుల్ల గీశాడు.

ఉపవాసంలో ఉన్న తాత, భజన తాళాలు చేతపట్టుకుని వచ్చి, ఆ కుప్పమీదే చతికిలబడ్డాడు.

"లే నాయినా, పరేషాన్ చెయ్యకు!" అన్నాడు బాపు.

"ఇయ్యాల స్వామి పండుకునే రోజు. ఇవి గూడ పండుకున్నయ్. నిద్రల ఉన్నోళ్లను కాలుస్తవారా? పెడితే నాకు గూడ పెట్టు అగ్గి."

పుల్ల బాపు వేళ్లదాకా కాలింది. నేను అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను. చివరికి దాన్ని తడిమట్టిలో గుచ్చి, బాపు తాత పక్కనే కూలబడ్డాడు.

ద్వాదశినాడు పెద్దమ్మ వచ్చింది, చూసిపోదామని. "ఆకులేవి మరి?" అని ఎకసెక్కెమాడింది.

"స్వామి ఇచ్చిన ఆకులు రెండున్నయ్ గద బిడ్డా, జాపు" అన్నాడు తాత. ఆమె దోసిలి పట్టింది. వేడి పులిహోర అందరం దోసిళ్లలోనే తిన్నాం.

కొద్దిరోజులకు దీపాలు పెట్టే వేళ, ఆ కుప్పలోంచి నారింజ మెరుపున్న చిన్న చిన్న రెక్కలు లేచాయి. చెట్లు చిగిర్చాయి. మరుసటి ఏడూ పురుగు పడింది, మళ్లీ చిగిర్చాయి. తినడానికో వేళ, నిద్రకో వేళ, రెక్కలకో వేళ హరి పెట్టాడు. మధ్యలో నిప్పు పెట్టేందుకు మనమెవరం?

ఆ చేను మీదుగా ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. బడంగ్‌పేటలో మా సత్సంగంలో ప్లేట్లు ఇస్తారు. నేను మాత్రం ద్వాదశి ప్రసాదం దోసిట్లోనే తీసుకుంటాను. "చేతులు కాల్తయ్ తాతా" అంటారు పిల్లలు. ఆ వేడి తగలగానే, కాలుతున్న పుల్లను పట్టుకున్న బాపు వేళ్లు గుర్తొస్తాయి. హరీ అనుకుని దోసిలి ఇంకాస్త దగ్గరగా పట్టుకుంటాను.