కిటికీ దగ్గర రెండు టోకెన్లు

పౌలురాజుకి మాటలు రావని గ్రేటర్ నోయిడాలో చాలామంది అనుకునేవారు. కారు కడుక్కోవడానికి వచ్చినవాళ్లకి అతను కిటికీలోంచి ఒక చెయ్యిగానే తెలుసు. చెయ్యి బయటికి వస్తుంది, టోకెన్లు ఇస్తుంది, లోపలికి పోతుంది. అదే మనిషిని ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రార్థన చెయ్యమంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. పిల్లలు నిద్రపోయేవారు, ఆడవాళ్లకి ఇంటి దగ్గర మూతపెట్టి వచ్చిన కూర గుర్తొచ్చేది, ఆయన మాత్రం అన్ని దేశాల పరిపాలకుల కోసం, అన్ని ఆసుపత్రుల్లోని రోగుల కోసం ప్రార్థిస్తూనే ఉండేవాడు. అంత మాటకారికి సొంత కూతురితో ఒక్క మాట మాట్లాడటం చేతకాలేదు. ఏం మనిషో, ఏం చెప్పమంటారు!

బాపట్ల దగ్గర పుట్టినవాడు. భార్య రెబ్కాకి ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనకాలే పెట్టె పట్టుకుని వచ్చాడు. చాలాకాలం అంబులెన్సు తోలాడు. స్తుతి ఒక్కతే కూతురు. ఆ పిల్ల కాలేజీలో ఉండగానే రెబ్కా జబ్బు చేసి పోయింది. ఆ తర్వాత నడుం పట్టేసి స్టీరింగు ముందు కూర్చోలేకపోతే, తెలిసినవాళ్లు ఈ కార్ల వాషింగులో పెట్టించారు.

అక్కడ ఎవరి కారు వాళ్లే కడుక్కోవాలి. వరసగా షెడ్లుంటాయి, వాటిని బే అంటారు. ఒక్కో బేలో ఒక నీళ్ల గన్ను, ఒక నురగ గన్ను. కిటికీకి అంటించిన కోడ్ ఫోనుతో స్కాన్ చేసి డబ్బు కట్టి, పౌలురాజు దగ్గర ఇత్తడి టోకెను తీసుకుని, బేలో ఉన్న డబ్బాలో వేస్తే నీళ్లొస్తాయి. కూర్చుని చేసే పని, నడుముకి హాయి. దేవుడే చూపించాడని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాడు.

సంఘం అంటే పెద్ద గుడేం కాదు, ఒక బడి హాలు అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. ప్రభువు బల్ల, అంటే రొట్టె ముక్క, ద్రాక్షరసం. అందరూ కూర్చున్నచోటే చేతులు చాస్తారు. సంఘ పెద్ద పళ్లెం పట్టుకుని వరస వెంట నడుస్తూ చాచిన ప్రతి అరచేతిలోనూ ఒక ముక్క పెడతాడు. ఆ పెద్ద పౌలురాజే. తప్పు చేసినవాళ్లని కొన్నాళ్లు బల్లకు దూరం పెట్టడం కూడా మా సంఘంలో ఉంది. ఆ విషయంలో పౌలురాజు మహా కచ్చితం. ఒకళ్ల అమ్మాయి వేరే మతం కుర్రాణ్ణి చేసుకుంటే, లెవి పాస్టరు గారు పోనిద్దురూ అంటున్నా వినకుండా ఆ పిల్లని దూరం పెట్టించాడు. ఆ తల్లి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాత వంతు స్తుతిది వచ్చింది. నోయిడాలో ఉద్యోగం చేస్తున్న పిల్ల ఒక శనివారం ఇంటికొచ్చి తండ్రి ముందు నిలబడింది.

"డాడీ, ఆదిత్యకీ నాకూ రిజిస్టర్ మ్యారేజ్ అయిపోయింది. మీకు చెప్తే ఒప్పుకోరని చెప్పలేదు. నేను దేవుణ్ణి వదల్లేదు డాడీ. మైనే కుఛ్ గలత్ నహీఁ కియా, నేనే తప్పూ చెయ్యలేదు."

పౌలురాజు లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మర్నాడు మొదటి ఆదివారం. అయినా స్తుతి సంఘానికి వచ్చింది. చున్నీ తల మీదకి లాక్కుని, వాళ్లమ్మ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పళ్లెం ఆ వరసకి వచ్చేసరికి అందరితోపాటు తనూ చెయ్యి చాచింది. పౌలురాజు ఆ చెయ్యి చూశాడు. చూసి, దాన్ని దాటి, పక్కావిడ చేతిలో ముక్క పెట్టాడు.

ఆ పిల్ల కాసేపు చెయ్యి అలాగే ఉంచింది. నాన్న పొరపాటున దాటేశాడేమో, వెనక్కి తిరుగుతాడేమో అనుకుందో ఏమో! తర్వాత మెల్లగా గుప్పిట మూసుకుని ఒళ్లో పెట్టుకుంది. చివరి ప్రార్థన కాకముందే లేచి వెళ్లిపోయింది.

"పౌలురాజు గారూ, ఆ పిల్లని దూరం పెట్టమని నేను చెప్పలేదే!" అన్నారు లెవి పాస్టరు గారు ఆరాధన అయ్యాక.

"ఇంకోళ్ల పిల్లకి ఒక రూలు, నా పిల్లకి ఒక రూలా అయ్యగారూ?" అన్నాడు పౌలురాజు.

అదీ ఆయన న్యాయం! ఇంటికెళ్లి కూతురి నంబరు ఫోనులోంచి తీసేశాడు. తీసేసిన వారానికే గుండెల్లో రాయి పడింది. కానీ అప్పటికి ఆ పిల్ల ఇల్లు మారింది, నంబరూ మారింది. ఎవరినైనా అడగాలంటే పెద్దరికం అడ్డం. అలా ఏళ్లు గడిచాయి.

ఒక శనివారం పొద్దున కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మణికట్టు మీద మచ్చ. చిన్నప్పుడు రెబ్కా అట్లు పోస్తుంటే వెనకనుంచి వచ్చి పెనం ముట్టుకున్న పిల్లకి పడ్డ మచ్చ అది. మొహం చూడకముందే పౌలురాజు పోల్చుకున్నాడు.

"రెండు," అంది స్తుతి.

అతను రెండు టోకెన్లు తీసి ఆ అరచేతిలో పెట్టాడు. ఆ పిల్ల గుప్పిట మూసుకుని వెళ్లిపోయింది. కారు కడుక్కుంది. వెళ్లేముందు ఒకసారి కిటికీ వైపు చూసింది.

మళ్లీ శనివారం వచ్చింది. ఆ పైవారం కూడా వచ్చింది. రెండు అనడం, చెయ్యి చాచడం, టోకెన్లు తీసుకోవడం. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ కారు చూస్తే ఎప్పుడూ తళతళలాడుతూనే ఉండేది. అపార్ట్‌మెంట్లలో రోజూ కార్లు తుడిచి పెట్టే మనుషులుంటారు. కడిగిన కారుని మళ్లీ కడగడానికి ఏ ఆడపిల్లయినా పనిగట్టుకుని వారం వారం వస్తుందా? ఈ మాత్రం పౌలురాజుకి వెలగకపోలేదు, వెలిగింది. పిల్ల నీళ్ల కోసం రావడం లేదు, ఆ రోజు బల్ల దగ్గర తను చేతిలో పెట్టనిదాని కోసం వస్తోందని తెలుసు. శుక్రవారం సాయంత్రం కొత్తగా మెరిసే టోకెన్లు ఏరి, సబ్బుతో కడిగి, తువ్వాలుతో తుడిచి విడిగా పెట్టుకునేవాడు. ఏం మాట్లాడాలో కూడా అనుకునేవాడు. తీరా చెయ్యి లోపలికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. సరేలే, పైవారం అనుకునేవాడు. శనివారాలు ఎక్కడికీ పోవన్నట్టు!

ఒకసారి ఆ పిల్ల టోకెన్లు తీసుకుని తిరిగి వెళ్తుంటే నడుం మీద చెయ్యి వేసుకుని నిదానంగా అడుగులు వెయ్యడం చూశాడు. రెబ్కా కడుపుతో ఉన్నప్పుడు అచ్చం అలాగే నడిచేది. పౌలురాజు ఆ సాయంత్రం ఇంటికి కూడా పోకుండా తిన్నగా పాస్టరు గారింటికి వెళ్లాడు. గుమ్మంలోనే ఏడ్చేసి, శనివారాల సంగతంతా చెప్పాడు.

"నా పిల్లని రమ్మందామనుకుంటున్నానయ్యగారూ. బల్లకి. నా చేత్తో ఇస్తాను. రమ్మనొచ్చా?"

"రమ్మనొచ్చా అని నన్నడుగుతారేంటండీ! వద్దన్నదెవరు? రేపు కాక పై ఆదివారమే మొదటి ఆదివారం. శనివారం చెప్పండి," అన్నారు ఆయన.

అదిగో, సరిగ్గా ఆ వారమే ఓనరుకి కార్డుల పిచ్చి పట్టింది. టోకెన్ల గొడవ వద్దు, ప్రతి బేలోనూ మిషను పెట్టేద్దాం, కస్టమరు కారు దిగి కార్డు ఆనిస్తే చాలు, నీళ్లొచ్చేస్తాయి అన్నాడు. మిషన్లు బిగించడానికి దీపు అనే తెలుగు కుర్రాడు వచ్చాడు. అక్కడే ఇంజినీరింగ్ చదివి అక్కడే ఉద్యోగంలో చేరినవాడు. పౌలురాజుని కూర్చోబెట్టుకుని ఓపికగా నేర్పాడు.

"మస్తు ఈజీ అంకుల్. పిన్ను కొట్టే పని గూడ లేదు. ఇట్ల ఆనిస్తే బీప్ అంటది, అంతే."

"అది సరే గానీ బాబూ, టోకెను కూడా ఉంచొచ్చుగా? ఎవరైనా అలవాటుగా అడిగితే?"

"డబ్బాలే పీకేస్తున్నం గద అంకుల్. టోకెన్ ఏసే సందే ఉండదు."

ఓనరు వచ్చి ఇంకో మాట చెప్పాడు. "పౌల్‌రాజ్ జీ, ఖిడ్కీ పే కోయీ నహీఁ రుకేగా. జో ఆయే, ఉధర్ భేజో." కిటికీ దగ్గర ఎవరినీ నిలబడనివ్వొద్దు, ఎవరొచ్చినా అటు పంపించెయ్ అని.

టోకెన్లన్నీ గోనెసంచిలో పోసి తీసుకుపోతుంటే పౌలురాజు రెండు మాత్రం ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. అవి ఇక ఏ డబ్బాలోనూ పడవని తెలుసు. అయినా పిల్ల చెయ్యి చాస్తుంది కదా, చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. పెట్టి, ఈసారి ఆ చెయ్యి పట్టుకుని, రేపు బల్లకి రా అమ్మా అని చెప్పాలి. అంతే. వారమంతా ఆ నాలుగు ముక్కలూ నెమరేసుకున్నాడు.

శనివారం పొద్దున మిషన్లకి బంతిపూల దండలు వేశారు, లడ్డూలు పంచారు. ఓనరు వచ్చి పౌలురాజు వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జనం అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికే వస్తున్నారు. ఒకరు పోతే ఇంకొకరు. అందరికీ పౌలురాజు ఒకే మాట చెప్పాడు. టోకెన్ బంద్, కార్డ్ ఉధర్ లగాయియే. టోకెన్లు లేవు, కార్డు అక్కడ ఆనించండి అని. చెప్పి చెప్పి ఆ మాట నాలుక మీద ఆడుతోంది. మధ్యమధ్య జేబు తడుముకుంటున్నాడు. వెనక ఓనరు శభాష్ అంటున్నాడు.

అప్పుడు ఆ చెయ్యి వచ్చింది.

పౌలురాజు చూశాడు. మచ్చ కూడా చూశాడు. కానీ చూసింది మనసుకి అందేలోపే నోరు తన పని చేసేసింది.

"టోకెన్ బంద్ మేడమ్. కార్డ్ ఉధర్ లగాయియే."

చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు. బయట ఆ పిల్ల కిటికీ దాకా వంగింది. ఎన్నేళ్లకో కూతురి మొహం అంత దగ్గరగా కనిపించింది. ఒళ్లు చేసింది, కళ్ల కింద నలుపు.

"ఒక్కటి కూడా లేదా డాడీ?" అంది.

డాడీ అంది. దేశాలన్నిటి కోసం ప్రార్థించే పౌలురాజు నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. వెనకనుంచి ఓనరు నవ్వుతూ, "నహీఁ మేడమ్, అబ్ కార్డ్ కా జమానా హై!" అన్నాడు, ఇది కార్డుల కాలమని.

స్తుతి గుప్పిట మూసుకుంది. ఆ రోజు ఒళ్లో పెట్టుకున్నట్టే మెల్లగా వెనక్కి తీసుకుంది.

పౌలురాజు లేచాడు. లేవబోతే నడుం పట్టేసింది. గోడ పట్టుకుని, ఓనరు కుర్చీ తోసుకుని, వెనక తలుపు తీసుకుని, షెడ్డు చుట్టూ తిరిగి బయటపడేసరికి ఆ కారు గేటు దాటుతోంది. "స్తుతీ! అమ్మా!" అని అరిచాడు. నీళ్ల గన్నుల హోరులో ఆ కేక పక్కనున్నవాళ్లకే వినపడలేదు. టోకెన్లు జేబులోనే ఉన్నాయి.

దీపు దగ్గరికి పరిగెత్తాడు. "బాబూ, ఇందాక ఒకమ్మాయి వచ్చింది, తెల్లకారు. ఆ కార్డుని బట్టి ఫోన్ నంబరేమన్నా దొరుకుద్దేమో చూడు నాయనా."

దీపు తన ఫోనులో చూశాడు. "ఆ టైంల ఎవ్వరు ట్యాప్ చెయ్యలే అంకుల్. ఆ కారు అసలు ఏ బేలకు గూడ పోలే. ఏమైంది, ఏడుస్తున్నవేంది?"

మర్నాడు సంఘంలో రెబ్కా కూర్చునే చోటు ఖాళీగానే ఉంది. లెవి పాస్టరు గారు తలుపు వైపు చూస్తూ పాటని ఇంకోసారి పాడించారు. ఎవరూ రాలేదు. పళ్లెం అందిస్తే పౌలురాజు పట్టుకోలేదు. వెనక వరసలోకి వెళ్లి కూర్చున్నాడు. పాస్టరు గారే పళ్లెంతో అందరి దగ్గరికీ తిరిగి, చివరికి అతని ముందు ఆగారు. పౌలురాజు చెయ్యి చాచలేదు.

"తీసుకోండి పౌలురాజు గారూ."

"నన్ను దాటి వెళ్లిపోండయ్యగారూ," అన్నాడు పౌలురాజు. "నేను నా బిడ్డని రెండుసార్లు దాటేశాను."

పాస్టరు గారు కదల్లేదు. పౌలురాజు చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

తర్వాత ఓనరు కిటికీ మూయించేశాడు. పౌలురాజుని తీసెయ్యలేదు పాపం, బేల దగ్గర నిలబడి తెలియనివాళ్లకి కార్డు ఆనించడం చూపించమన్నాడు. స్తుతి మళ్లీ రాలేదు. బిడ్డ పుట్టిందో లేదో, పుడితే ఆడో మగో కూడా అతనికి తెలియదు. నోయిడాలో ఎవరిని అడిగినా ఆచూకీ దొరకలేదు, ఇప్పుడు పెద్దరికం కూడా అడ్డం లేదు. శనివారాలు మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని, ఆ రెండు టోకెన్లూ జేబులో వేసుకుని వస్తాడు. శుభ్రంగా ఉన్న కారు ఏది లోపలికి వచ్చినా నడుం నొప్పి మరిచిపోయి ఎదురెళ్తాడు. ఏ ఆడపిల్లయినా కారు దిగి కార్డు ఆనించడానికి చెయ్యి చాస్తే, ముందు మణికట్టు చూస్తాడు. తర్వాత పక్కకి తప్పుకుని, నీళ్లొస్తున్నాయి మేడమ్, కడుక్కోండి అంటాడు.