ఎడమ చేత్తో తిన్న అన్నం

మొన్న బేస్తవారం పొద్దున పక్కింటోళ్ళ ఫోన్‌కు కబురొచ్చింది. మా పెద్ద టీచరమ్మ పోయింది. చెప్పింది ఆమె బిడ్డ. "అక్కా, అమ్మ పోయింది" అన్నది, అంతే. నేను గూడ "ఆఁ" అని పెట్టేసిన. ఉప్పల్ నుంచి నాచారం ఎంత దూరమని? ఆ రోజు ఆటోల కూసుంటే తొవ్వ తెగలేదు. ఏడుపొస్తలేదు, కోపమొస్తలేదు, ఏందో ఒకటే పరేషాన్.

ఆమె నాచారంల తన ఇంటి ముందర రెండు అర్రలల్ల చిన్నపిల్లల బడి నడిపింది. పదిహేనేండ్ల కింద నేను అండ్ల టీచర్‌గ చేరిన. అచ్చుల చార్టు, బెత్తం ఉంటయనుకొని పోయిన. చూస్తే ఏముంది? ఒక పోరి చెంబుల నుంచి గ్లాసులకు నీళ్ళు పోస్తున్నది. ఇంకొకడు చాటల కందులు, పెసలు కలిపి మళ్ళ ఏరుతున్నడు. మరొకడు అంగీ గుండీలు పెట్టుకునుట్లనే పొద్దంత గడుపుతున్నడు. అయ్యో పాపమని వంగి గుండీ పెట్టబోయిన.

"చేతులు యెనక్కి పెట్టుకో" అన్నది టీచరమ్మ.

నాకు సమజ్ కాలే. తప్పు చేసిన పిల్లలెక్క చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డ. "నువ్వు పెడితే గుండీ పడ్తది గని వానికి రాదు. జర ఆగు" అన్నది. గప్పటి సంది అదే మా బడి కానూను. పిల్లలు అడిగితేనే మన చెయ్యి ముందుకు రావాలె, కందులన్నీ కింద పోసుకున్నా సరే. నాకు ఓపికనేది ఉన్నదంటే అది ఆ తల్లి పెట్టిందే.

తల్లిదండ్రులు ఊకుంటరా? ఫ్యాక్టరీల పనిచేసే ఒక తండ్రి మొఖం మీదనే అడిగిండు: "ఏంది మేడం, నీళ్ళు పోసుడు నేర్వనీకి బడికి తోలాల్నా? ఏబీసీడీలెప్పుడు?" ఆమె కోపం చేయలే. ఆయనను పిల్లల పక్కన చాప మీద కూసోబెట్టి చాయ్ ఇచ్చింది. ఆయన పోయినంక నాతోని, "నాకూ భయమైతదే. నేను చేసేది తప్పయితే ఈ పిల్లల సంగతేంది?" అన్నది. అంత పెద్ద టీచరమ్మకు భయమా అని నేను ఆగమైన. అయినా తెల్లారి మళ్ళ చెంబులు, చాటలే ముందట పెట్టింది.

పోయిన ఎండకాలం ఆమెకు పక్షవాతమొచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట గూడ పోయింది. ఆదివారమాదివారం పోయి చూసేదాన్ని. బిడ్డ అన్నం కలిపి ముద్ద నోటికాడ పెడితే ఆమె పండ్లు బిగబట్టేది. ఎడమ చేత్తో పళ్ళెం తనదిక్కు గుంజుకునేది.

"ఎడమ చేత్తో అన్నమేందమ్మా! చూసెటోళ్ళు ఏమంటరు?" అని బిడ్డ లబలబలాడేది. నాదిక్కు తిరిగి, "నువ్వన్న చెప్పు అక్కా. సగం చీరె మీదనే పడుతున్నది. కడుపులకు పోయేది పిడికెడు లేదు. డాక్టరేమో మంచిగ తినిపియ్యమన్నడు. ఎట్ల బతుకుతది?" అనేది.

బిడ్డ చెప్పింది అబద్ధమా? కాదు. మనిషి బక్కచిక్కి బొక్కలు తేలింది. టీచరమ్మేమో నా చేతులనే చూసేది. తినిపియ్యాల్నా, ఊకోవాల్నా? ఇది బడి గాదు గదా, ఆమె చిన్నపిల్ల గాదు గదా అని మనసు గుంజేది. అయినా నా చేతులు వాటంతటవే వెనక్కి పోయినయ్. మంచి చేసిన్నో, పాపం కట్టుకున్ననో ఇప్పటికీ తెల్వది. ఎవ్వరినడగాలె? అడిగేతందుకు ఉన్న ఒక్క మనిషీ ఆమెనే.

ఆఖరి ఆదివారం పప్పన్నం ముందట పెట్టినం. తనే కలిపింది. వేళ్ళు మాట వినలే, మెతుకులన్నీ జారిపోయినయ్. చాలాసేపటికి ఒక ముద్ద నిలిచింది. హమ్మయ్య, తింటది అనుకున్నం. తినలే. ఆ చెయ్యి బిడ్డ నోటికాడికి చాపింది. ఇగ తనకు సాలనో, నాకొచ్చింది చూడు అనో, నువ్వు తిన్నవా బిడ్డా అనో, నాకైతే అర్థం కాలే. బిడ్డకు గూడ కాలేదనుకుంట. ఎడమ చెయ్యని చూడలే, నోరు తెరిచింది. సగం ముద్ద గదుమ మీదికెల్లి జారింది. మిగిలింది నోట్లనే పెట్టుకొని, మింగలేక, కక్కలేక, తల్లి మొఖం చూసుకుంట అట్లనే కూసున్నది.