అంకెల దిబ్బ

బంగారు గనులు మూతపడ్డ మా కేజీఎఫ్‌లో మా అమ్మాయికి బొమ్మలు నేర్పిన టీచరమ్మ ఎవరి బొమ్మనైనా నేల మీద కూర్చుని చూసేది. చూడటం అయ్యేదాకా మాట్లాడేది కాదు.

మా అమ్మాయికి ఆటిజం. మొదటిరోజు బొమ్మ వేయమంటే కాగితం నిండా అంకెలే రాసింది. నాకు సిగ్గేసింది.

"దీనిది ఎడమ మెదడంట మేడం, లెక్కలే వస్తాయంట. ఇంగ మానిపించేస్తాను," అన్నాను.

ఆమె నేల మీద కూర్చుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "మెదడును అట్లా రెండుగా విడదీసేదానికి కాదమ్మా. ఇది మన సైనైడ్ దిబ్బ. బంగారం తీసేసి పారబోసిన ఆ గని మట్టిలో వాన కోసిన ప్రతి గాడికీ ఒక నంబరేసినాది, చూడు," అంది.

మా అమ్మాయి తలెత్తకుండానే, "నలభై ఒకటి ఉండాయి," అంది.

తెలిసినవాళ్లు కనిపిస్తే తప్పుకుని నడిచే నేను, ఆ సాయంత్రం తేలికపడ్డ మనసుతో ఇద్దరిని ఆపి మరీ ఆ కాగితం చూపించాను.