నలుగురు వంటగాళ్ళు

హుస్నాబాద్‌లో నాకు చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉంది. కళాబృందాలకు మున్సిపాలిటీ సాయం చేస్తోందని తెలిసి, ఒగ్గుకథ చెప్పే లింగయ్య కాక నాతో దరఖాస్తు టైప్ చేయించుకున్నాడు. డోళ్ళ తోళ్ళు చిరిగి, ఆ ఏడాది ఆయన బృందం కథలు ఒప్పుకోవడమే మానేసింది.

వారానికి ఆఫీసు నుంచి పిలుపొస్తే, కాక తన బృందంతో బయల్దేరాడు; నేనూ వెంట వెళ్ళాను. కమిషనర్ మేడమ్ కాగితం చూసి మొహం చిట్లించారు.

“కళాకారుడు ఒక్కడు, వంటగాళ్ళు నలుగురా? ఇదేమన్నా హోటలా?”

గదంతా నవ్వులు. నేను వంగి కాగితం చూశాను. కథకుడి వెనక గొంతు కలిపే వంతగాళ్ళను నేను ‘వంటగాళ్ళు’ అని కొట్టేశాను!

కాక నన్ను పల్లెత్తు మాట అనలేదు. “మేడమ్, జర మా వంట రుచి చూడుండ్రి” అంటూ డోలు లేకుండానే కథ ఎత్తుకున్నాడు. నలుగురూ వంత అందుకున్నారు. ఫైళ్ళు మోస్తున్న అటెండర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పాట అయ్యాక మేడమ్ తానే ఆ అక్షరం దిద్ది, సంతకం పెట్టారు.

బయటికొచ్చాక తప్పయిందంటే కాక నవ్వాడు. “ఫికర్ జేయకు బిడ్డా. నువ్వు సక్కగ కొడితే మేడమ్ కాయిదం సదివి మమ్ముల పంపుతుండె. తప్పు కొట్టినవ్ గాబట్టే మా పాట ఇన్నది.”

ఇప్పటికీ ‘త’ కొట్టబోయి ‘ట’ పడితే, దిద్దే ముందు ఆ నలుగురి గొంతులూ వినిపిస్తాయి.