అన్నం అండర్ కంట్రోల్

మంగళవారం పొద్దున ఎసట్లో బియ్యం పోయబోతుండగా బాపట్ల నుంచి ఫోను వచ్చింది. మా ఇంగ్లీషు టీచరుగారు ప్రభువునందు నిద్రించారని వాళ్ళమ్మాయి చెప్పింది. "వస్తున్నానమ్మా" అని స్టవ్ కట్టేశాను. రేపల్లెలో బస్సెక్కేదాకా నాకు ఏడుపు రాలేదు.

తెనాలిలో మేము పదో తరగతి చదివేటప్పుడు, ఆవిడ శుక్రవారం శుక్రవారం ఒక ఇంగ్లీషు నానుడి నేర్పేవారు. దాన్ని మా ఇంట్లో జరిగిన సంగతి మీదే సొంతంగా వాడాలి. "ఇంట్లో పనికిరాని ఇంగ్లీషు పరీక్షలో ఏం పనికొస్తుంది?" అనేవారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే, ఈపాటికి ఎవరి వాక్యం వాళ్ళకు గుర్తొచ్చే ఉంటుంది.

ఒకరోజు బోర్డు మీద 'అండర్ కంట్రోల్' అని రాశారు. పరిస్థితి మన అదుపులో ఉందని చెప్పడానికి అలా అంటారన్నారు. ఒకమ్మాయి వాళ్ళ గేదె గురించి చెప్పింది, ఇంకొకమ్మాయి వాళ్ళ నాన్న కోపం గురించి. నా వంతు వచ్చింది. "ది రైస్ ఈజ్ అండర్ కంట్రోల్" అని చదివాను.

"అన్నం పారిపోతుందేంటే?" అని వెనక బెంచీ నుంచి వినబడింది. క్లాసంతా గొల్లుమంది.

టీచరుగారు నవ్వలేదు. "ఎవరు వండారమ్మా?"

"నేనేనండి."

"మీ అమ్మ?"

"మంచం పట్టిందండి. సోమవారం నుంచి నేనింక బడికి రానండి. తమ్ముళ్ళకి వండాలి."

నా పుస్తకం తీసుకుని టిక్కు పెట్టారు. "వాక్యం తప్పు కాదు. పరిస్థితే తప్పు" అన్నారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, మా ఊరు జంపనిలో బస్సు దిగి మా గుమ్మం ముందుకొచ్చారు.

"దేవుడి చిత్తం ఎట్టా ఉందో టీచరుగారూ" అన్నాడు మా నాన్న.

"ఆయన చేతిలో పెట్టాం కదా అని మన చేతులు ముడుచుకుంటే ఎట్టాగండి? పొద్దున ఎసరు మీరు పెట్టండి. గంజి వార్చి పిల్ల బడికొస్తుంది. మొదటి పీరియడు సంగతి నేను చూసుకుంటా."

మర్నాడు లేచేసరికి, అంతవరకు వంటింట్లోకి తొంగిచూడని మా నాన్న పొయ్యి ముందు కూర్చుని ఊదుతున్నాడు.

పరీక్షల దాకా ప్రతి ఆదివారం ఆవిడ వచ్చి పాఠాలు చెప్పారు. వస్తూనే "అన్నం అండర్ కంట్రోలేనా?" అనేవారు. పది పాసయ్యాను. పై చదువు కుదరలేదు. ఆ పదో తరగతితోనే అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు చిన్నపిల్లలు నన్నూ టీచరనే పిలుస్తారు. ప్రార్థనలో ఆవిడ పేరు తలవని రోజు లేదు.

మట్టి చేసి వచ్చేసరికి బాపట్లలో ఇల్లంతా జనం. "అక్కా, ఇంతమందికి భోజనాలు ఎట్టా?" అంది వాళ్ళమ్మాయి.

"ది రైస్ ఈజ్ అండర్ కంట్రోల్" అన్నాను. ఆ కథ ఆ అమ్మాయి తల్లి చెప్పగా విన్నదే. కళ్ళు తుడుచుకుని నవ్వింది.

బియ్యం కడిగి పెరట్లోకి వెళ్ళాను. ఆ అమ్మాయి భర్త ప్యాంటు పైకి మడిచి, మూడు రాళ్ళ ముందు గొంతుకూర్చుని మంట ఊదుతున్నారు. ఎసరు అప్పుడే పెట్టేశారు.