పిన్ని పాస్‌వర్డ్

మా పిన్ని ముప్పై రెండేళ్ళు ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే, ఆయన ముఖంలోకి చూస్తూ టకటకా కొట్టేసేది. ఏం కొట్టిందో ఆవిడకే తెలియదు. ఒకసారి ఆయన మధ్యలో ప్యూనుని తిట్టిన తిట్టు కూడా దావా కాగితంలోకి ఎక్కేసింది. ఒక్క అక్షరం తప్పు లేదు.

లాయరుగారు ఆఫీసు మూసేశాక పిన్నికి ఇంట్లో పొద్దుపోక పిచ్చెక్కింది. అల్మారాలోని చీరలు తీసి మడతపెట్టడం, మళ్ళీ తీసి మడతపెట్టడం. ఇంతలో ఒక డాక్టరుగారు ఫోనులో రోగుల వివరాలు చెబుతానని, అవి కంప్యూటర్లో ఎక్కించి పంపాలని అన్నారు. మర్నాడు నాలుగింటికి ఫోను చేస్తారు. సిద్ధంగా లేకపోతే ఆ పని ఇంకొకరికి. వెంటనే పిన్ని కొత్త లాప్‌టాప్ తెచ్చుకుంది. దాన్ని తెరిచి పెట్టడానికి నన్ను పిలిచింది. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. పిల్లలతో ఉన్నంత ఓపిక పెద్దవాళ్ళతో ఉండదు నాకు.

ఒంటిగంటకి మొదలుపెట్టాం. అది ఏ కీబోర్డు కావాలని అడిగి, రెండోది కూడా కావాలా అంది.

"ఒకటి ఉందిగా! రెండోది ఎక్కడ పెట్టుకోను?" అంది పిన్ని.

"వద్దని నొక్కు పిన్నీ."

తర్వాత షరతులు వచ్చాయి. ప్రపంచంలో ఎవరూ చదవని షరతులు. పిన్ని కళ్ళజోడు తుడుచుకుని మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది. నేను తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ఇక్కడ కామా పడలేదే," అంది ముప్పావుగంట తర్వాత.

"పడకపోతే నీకెందుకు? ఒప్పుకో!"

"చదవకుండా ఎలా ఒప్పుకుంటానే? లాయరుగారి దగ్గర నేర్చుకున్నది ఇదేనా?"

పేరు కొట్టమంటే కొట్టింది, బల్ల అదిరేలా. పేరు చివర అలవాటుగా ఎడమ చెయ్యి విసిరింది, టైపు మిషన్‌లో వరుస మారడానికి కాగితం ఉండే క్యారేజీని నెట్టినట్టు. అక్కడ క్యారేజీ లేదు, నా టీ కప్పు ఉంది. టీ అంతా నా ఒళ్ళో.

అప్పటికి మూడు కావస్తోంది. లాప్‌టాప్ పాస్‌వర్డ్ పెట్టమంది. పిన్ని వేళ్ళు మీటల మీద పెట్టి, నా ముఖం చూస్తూ కూర్చుంది. నేను గుడ్డతో చీర తుడుచుకుంటున్నాను.

"నీ వల్ల కాదులే పిన్నీ," అన్నాను విసుగ్గా.

టకటకా చప్పుడైంది. "మళ్ళీ కొట్టమంటోందే," అంది.

"నీ వల్ల కాదులే పిన్నీ!" అన్నాను ఇంకా గట్టిగా.

మళ్ళీ టకటకా. తలెత్తి చూస్తే తెర మీద నీలం రంగు బొమ్మ. ఏదో పెట్టేసుకుంది, పీడా పోయిందనుకున్నాను. కానీ అది అంతటితో ఊరుకుంటేనా! తనంతట తనే ఆరిపోయి, మళ్ళీ వెలిగి, పాస్‌వర్డ్ చెప్పమంది. మూడూ నలభై.

"ఏం పెట్టావు?"

"నాకేం తెలుసు?"

పుట్టినరోజు కొట్టించాను, కాదంది. ఇంటి నంబరు కాదంది. ఇంకోసారి తప్పయితే కాసేపు ఆగాలంది.

"పెట్టింది నువ్వు! తెలియదంటే ఎలా?" అని అరిచాను.

పిన్ని ముఖం చిన్నబోయింది. గోడ గడియారం వంక చూసింది. "నేనేం పెట్టానే? నువ్వు చెప్పింది కొట్టాను. రెండుసార్లూ ఒకటే చెప్పావు. నాకు చెవిన పడ్డది వేళ్ళలోకి పోతుందే కానీ బుర్రలో నిలవదు. ఏం చెప్పావో నువ్వే చెప్పు."

నాకు అప్పుడు వెలిగింది. ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనని మనిషి, ఆశగా నా నోటి వంకే చూస్తోంది. పది నిమిషాల్లో ఫోను వస్తుంది. చెప్పకపోతే ఆ పని పోతుంది. చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"చెప్పవే!"

"నీ వల్ల కాదులే పిన్నీ," అన్నాను నేల చూస్తూ.

టకటకా కొట్టింది. తెరుచుకుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన ఆ మాటను పిన్ని ఒక్క క్షణం లోలోపల చదువుకున్నట్టుంది, అంతే. నాలుగింటికి డాక్టరుగారు గంటసేపు గుక్కతిప్పుకోకుండా చెప్పారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కొట్టుకుంటూ పోయింది. ఎక్కడా తప్పు లేదని, రేపటి నుంచి రోజూ చెబుతానని ఆయన అన్నారు.

వారం తర్వాత వెళ్ళి, "అది మార్చేద్దాం పిన్నీ, వేరేది పెడతాను," అన్నాను.

"ఎందుకే? బాగానే ఉందిగా," అంది లాప్‌టాప్ తెరుస్తూ. "రోజూ ముందు ఆ మాట కొట్టి, తర్వాత పని మొదలుపెడుతున్నాను."