ఎలయాస్ మూగచేసిన తీగ

మా హారిస్‌బర్గ్‌లో ఎలయాస్ స్టౌఫర్ టెలిగ్రాఫ్ స్తంభాలెక్కి తీగలు చూసే మనిషి. యార్క్‌లో పిండిమర ఆడించే తమ్ముడు లీవై అంటే ప్రాణం పెట్టేవాడు. కానీ అమెరికా అధ్యక్షుడి ఎన్నిక జరిగిన ఆ ఏడు క్రిస్మస్ భోజనాల దగ్గర ఇద్దరికీ చెడింది.

"నువ్వు ఓటేసిన పొడుగాయన గద్దెక్కకముందే దేశం చీలిపోతోందన్నా! ఎక్కాక ఇంకేం మిగులుస్తాడు?" అని లీవై ఎగతాళి చేశాడు.

"నోరు మూసుకుని తిను," అని ఎలయాస్ పళ్ళెం వదిలి లేచిపోయాడు. ఆపైన మాటల్లేవు.

ఫిబ్రవరిలో ఆ పొడుగాయన, అధ్యక్ష పదవి చేపట్టడానికి రైల్లో వాషింగ్టన్ వెళుతూ మా ఊళ్ళో ఆగాడు. ఆ సాయంత్రం తీగల పని చేయించే మేస్త్రీ హాస్ ఎలయాస్‌ను చాటుకు పిలిచాడు.

"బాల్టిమోర్‌లో ఆయన్ని చంపడానికి కాచుకున్నారురా. రేపు పగలు వస్తాడని వాళ్ళ నమ్మకం. మనవాళ్ళు ఇప్పుడే చడీచప్పుడు లేకుండా ఫిలడెల్ఫియా బండిలో తప్పిస్తున్నారు. ఇక్కణ్ణుంచి ఒక్క కబురు అందిందా, ఆయన పని అయిపోయినట్టే. యార్క్ మీదుగా బాల్టిమోర్ పోయే దక్షిణపు తీగ పలక్కూడదు."

"ఎందాకా?"

"నేను విప్పమనేదాకా. పెళ్ళాంతో కూడా అనకు."

ఎలయాస్ ఒట్టేశాడు. మునిమాపువేళ ఊరవతల స్తంభమెక్కి, తీగకు సన్నని రాగితీగ చుట్టి నేలలోకి దించాడు. తీగ తెగలేదు, కబుర్లు మాత్రం మట్టిలో ఇంకిపోయాయి.

ఆయన క్షేమంగా చేరాడని తెలిశాక, పొద్దున ఎలయాసే ఆ ముడి విప్పాడు. ఈల వేసుకుంటూ ఆఫీసుకు వచ్చేసరికి గుమాస్తా కాగితం చేతికిచ్చాడు. లీవై భార్య రెబెకా ముందురోజు సాయంత్రం యార్క్‌లో ఇచ్చిన తంతి అది. లీవై మరలో పడి నలిగాడు, మిమ్మల్నే అడుగుతున్నాడు, రాత్రి బండికి రండి.

అతను వెళ్ళేసరికి లీవై మొహం మీద గుడ్డ కప్పి ఉంది.

"తంతి అందలేదా బావగారూ?" అంది రెబెకా.

"గాలికి తీగ తెగింది," అన్నాడు.

"నిన్న పొగ కూడా నిటారుగా లేచింది. ఏం గాలి?"

ఎలయాస్ తలెత్తలేదు. క్రిస్మస్ కోపం మనసులో పెట్టుకునే రాలేదని ఆమె అనుకుంది. ఖననం అయ్యాక అతని మొహం చూడలేదు.

నాలుగేళ్ళకు ఆ పొడుగాయన్ని ఎవడో కాల్చి చంపనే చంపాడు. ఇక దాచి కాపాడేదెవరినని, ఆ వారమే ఎలయాస్ యార్క్ వెళ్ళి, వంటింటి గుమ్మంలో నిలబడి జరిగిందంతా చెప్పాడు.

రెబెకా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. "తలుపు చప్పుడైనప్పుడల్లా అన్నేమో చూడమన్నాడు. మీరు రారని నేనే చెప్పాను ఆయనకు. ఆ మాట విన్నాకే కళ్ళు మూశాడు."

"ఒట్టు వేశానమ్మా..."

"మీ ఒట్టు నేనేమైనా తప్పమన్నానా? కబురు అందలేదు రెబెకా అని ఒక్క మాట నా కళ్ళలోకి చూసి చెబితే నమ్మేదాన్ని. గాలి కథ ఎందుకు చెప్పారు?"

ఆమె కాఫీ పోసింది. తాగాడు. తరువాత పిల్లలు పెదనాన్నా అంటూ వచ్చిపోయేవారు గానీ, ఆమె మాత్రం మా ఊరు రాలేదు.

లీవై సంగతి ముందే తెలిసి ఉంటే ఆ తీగ కట్టేవాడివా అని నేనొకసారి అడిగాను.

"కట్టేవాణ్ణే," అన్నాడు ఎలయాస్. "కట్టేసి, నడిచైనా యార్క్ వెళ్ళేవాణ్ణి."